పూర్తి మోడల్ నంబర్ పంపు

కౌన్సెలింగ్‌లో సీట్ల అలాట్‌మెంట్ వచ్చిన రోజు నుంచి క్లాసులు మొదలయ్యే దాకా నా ఫోన్‌కి ఒకటే ప్రశ్న వస్తుంటుంది. "అన్నా, ల్యాప్‌టాప్ ఏది తీసుకోమంటావ్?" మా ఊరి పిల్లలు, మా చెల్లి ఫ్రెండ్స్, మా అత్తయ్య వాళ్ల అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ కొడుకు, ఒకసారైతే నాకు ఇంటర్‌లో ఫిజిక్స్ చెప్పిన సారు, వాళ్లమ్మాయి కోసం. ప్రశ్న వెనకాలే ఒక ఫోటో వస్తుంది. షోరూమ్‌లో ల్యాప్‌టాప్ పక్కన నిలబెట్టిన రంగు కాగితం. దాని మీద పెద్దక్షరాల్లో "ఐ5, 8 జీబీ, 512 జీబీ, బ్యాగ్ ఫ్రీ". కింద ధర. "బాగుందా అన్నా?"

నేను ప్రతిసారీ ఒకటే జవాబిస్తాను: పూర్తి మోడల్ నంబర్ పంపు.

ఈ జవాబు చాలామందికి నచ్చదు. బాగుందో లేదో చెప్పమంటే నంబర్ అడుగుతాడేంటి అనుకుంటారు. ఎందుకు అడుగుతానో ఒకసారి వివరంగా రాసి పెడితే, వచ్చే ఏడాది నుంచి లింకు పంపేస్తే సరిపోతుంది కదా అనిపించింది. సాహితీ క్లబ్ పత్రికలో ల్యాప్‌టాప్ గోలేంటని మా ఎడిటర్ మొహం చిట్లించింది గానీ, నీ కవితలు టైప్ చేసేది కూడా దాంట్లోనే కదా అంటే ఒప్పుకుంది.

ముందు నా సంగతి చెప్తాను. 2023లో నాకు ఈసీఈ సీటు వచ్చింది. మాది ఖమ్మం జిల్లాలో ఒక పల్లెటూరు. ఆ ఏడు మిర్చి అమ్మిన డబ్బుల్లో అప్పులు పోగా మిగిలినదాంట్లోంచి నాన్న 75 వేలు "కంప్యూటర్‌కి" అని పక్కన పెట్టాడు. టౌన్లో ఒక షాపుకి వెళ్లాం. అక్కడి సేల్స్ అతను ఏ బ్రాంచి అని అడిగి, నేను ఈసీఈ అనగానే, "అయితే గేమింగ్ సిరీసే తీసుకోవాలి బాబూ, మీ సాఫ్ట్‌వేర్లు మామూలు వాటిల్లో పడవు" అన్నాడు. కీబోర్డు కింద ఎర్ర లైట్లు వెలుగుతున్నాయి. నిజం చెప్పాలంటే నా మనసు అప్పటికే అక్కడ పడిపోయింది. అతను ఏం చెప్పినా నమ్మడానికి రెడీగా ఉన్నాను. నాన్న ఒక్కటే అడిగాడు. "నాలుగేళ్లు వస్తదా?" "ఐదేళ్లు ఢోకా లేదు సార్." 72 వేలు. నాన్న లోపలి జేబులోంచి రబ్బరు బ్యాండు వేసిన కట్టలు తీసి, వేలు తడి చేసుకుంటూ రెండుసార్లు లెక్కపెట్టాడు. అది నాకు ఇప్పటికీ కళ్లముందే ఉంది.

మెషీన్ బరువు 2.3 కిలోలు. దాని అడాప్టర్ ఇటుకలా ఉండేది, అది వేరే బరువు. బ్యాటరీ రెండు గంటలు దాటేది కాదు కాబట్టి అడాప్టర్ లేకుండా క్లాసుకి తీసుకెళ్లే పని లేదు. తీసుకెళ్లినా సాకెట్ ఉన్న బెంచీ దొరకాలి. కిటికీ పక్కన కూర్చుంటే స్క్రీన్ మీద నా మొహం కనిపించేది గానీ కోడ్ కనిపించేది కాదు. ఇక ఆ గ్రాఫిక్స్ కార్డు ఫస్టియర్‌లో ఏం చేసిందంటే, రాత్రి రెండింటిదాకా వాలరెంట్ ఆడించింది. మొదటి సెమ్‌లో ఎం1 పోయింది. అది ల్యాప్‌టాప్ తప్పు కాదులెండి.

థర్డియర్‌లో వివాడో వచ్చింది. ఎఫ్‌పీజీఏ డిజైన్ చేసే సాఫ్ట్‌వేర్. ఇన్‌స్టాల్ చేయడానికే పదుల జీబీల చోటు కావాలి, సింథసిస్ మొదలుపెడితే ర్యామ్ మింగేస్తుంది. నా 8 జీబీ చాల్లేదు. గ్రాఫిక్స్ కార్డు మాత్రం ఆ పనికి దాదాపు అక్కర్లేదు. అంటే నేను డబ్బు పోసి కొన్న వస్తువు పనికి రాలేదు, పనికొచ్చే వస్తువు కొనలేదు. సెలవుల్లో ఇంకో 8 జీబీ ర్యామ్ ముక్క, ఇంకో ఎస్ఎస్‌డీ వేయించుకున్నాను. మార్చగలిగినవి అలా మార్చుకున్నాను. స్క్రీన్, బరువు, బ్యాటరీ నడిచే టైము మాత్రం మారవు. వాటిని ఇప్పటికీ మోస్తున్నాను, అక్షరాలా భుజం మీద.

అందుకే ఇప్పుడు ఎవరడిగినా నేను చూసే పద్ధతి ఇది. ల్యాప్‌టాప్‌లో కొన్ని తర్వాత మార్చుకోవచ్చు. కొన్ని కొన్న రోజు ఏవి వస్తే నాలుగేళ్లూ అవే. ఉన్న డబ్బంతా ముందు ఆ మారని వాటి మీద పెట్టాలి. షాపు కాగితం మీద పెద్దక్షరాల్లో ఉండేవి ఎక్కువగా మార్చుకోగలిగినవే. మారనివన్నీ మోడల్ నంబర్ వెనకాల దాక్కుని ఉంటాయి.

ముందు ప్రాసెసర్. ఇది మారదు, బోర్డుకే అతికి ఉంటుంది. ఐ5 అనేది ఇంటిపేరు లాంటిది. ఒకే ఇంటిపేరు ఉన్న ఇద్దరిలో ఒకరు పహిల్వాన్, ఇంకొకరు నాలా ఉండొచ్చు. ఉదాహరణకి ఐ5-1235యూ, ఐ5-12450హెచ్ రెండూ 12వ తరం ఐ5లే. మొదటిదాంట్లో 10 కోర్లు, రెండోదాంట్లో 8. చూడ్డానికి మొదటిదే పెద్దది. కానీ మొదటిదాంట్లో గట్టి పని చేసే పెద్ద కోర్లు రెండే, మిగతా ఎనిమిదీ కరెంటు తక్కువ తాగే చిన్న కోర్లు. రెండోదాంట్లో పెద్దవి నాలుగు, చిన్నవి నాలుగు. చివర ఉన్న అక్షరమే అసలు సంగతి చెప్తుంది. యూ అంటే 15 వాట్ల చుట్టూ నడిచేది: చల్లగా ఉంటుంది, బ్యాటరీ ఎక్కువసేపు వస్తుంది. హెచ్ అంటే 45 వాట్ల తరగతి: పని గట్టిగా చేస్తుంది, ఫ్యాను మోత, బరువు కూడా దాంతోపాటే వస్తాయి. కోడింగ్ చేసి, బ్రౌజర్‌లో ఇరవై ట్యాబులు తెరుచుకునేవాళ్లకి యూ చాలు. గంటల తరబడి సిమ్యులేషన్లు నడిపేవాళ్లకి హెచ్ కావాలి.

ఏఎండీ వాళ్ల 7000 సిరీస్ పేర్లలో ఇంకో తిరకాసు ఉంది. రైజెన్ 5 7520యూ, రైజెన్ 5 7530యూ. కాగితం మీద రెండూ "రైజెన్ 5, 7000 సిరీస్" అనే రాస్తారు. తేడా ఒక్క అంకె. ఆ మూడో అంకెలోనే లోపలి డిజైన్ ఏ కాలం నాదో ఉంటుంది. 2 అంటే జెన్ 2, అంటే 2019 నాటి డిజైన్, కోర్లు నాలుగే. 3 అంటే జెన్ 3, కోర్లు ఆరు. 7520యూ చెడ్డదని కాదు, దాని ధరకి అమ్మితే పర్లేదు. రెండోదాని ధరకి మొదటిది అంటగడితేనే బాధ. ఇంటెల్ కూడా 2023 చివర్లో ఐ అక్షరం తీసేసి కోర్ 5, కోర్ అల్ట్రా 5 అని పేర్లు మార్చింది. కొత్త పేరు కదా అని కొత్త సరుకే అనుకోవద్దు. కోర్ 5 120యూ లోపల ఉన్నది 13వ తరంలో వచ్చిన డిజైనే. ఇవన్నీ గుర్తుపెట్టుకోనక్కర్లేదు. మొత్తం నంబర్, చివరి అక్షరంతో సహా, ఫోన్‌లో కొట్టి చూస్తే రెండు నిమిషాల్లో తేలిపోతుంది. షాపులో నిలబడి చేసినా ఎవరూ ఏమీ అనుకోరు. అనుకుంటే అనుకోనీండి.

ర్యామ్ దగ్గర మాత్రం జాగ్రత్త, ఇది కొన్ని మెషీన్లలో మార్చగలిగేది, కొన్నిట్లో మార్చలేనిది. పల్చటి ల్యాప్‌టాప్‌లలో ర్యామ్‌ని బోర్డుకే సోల్డర్ చేసేస్తున్నారు. స్పెసిఫికేషన్‌లో "ఆన్‌బోర్డ్" అనో "సోల్డర్డ్" అనో చిన్నగా రాసి ఉంటుంది. ఎల్‌పీడీడీఆర్ అని ఉంటే దాదాపుగా అతికించినదే అనుకోండి. అలాంటిదాంట్లో 8 జీబీ తీసుకుంటే నాలుగేళ్లూ 8 జీబీయే. విండోస్, బ్రౌజర్, ఒక ఐడీఈ తెరిచేసరికే అది సగం పైన నిండిపోతుంది, ఆండ్రాయిడ్ స్టూడియో ఎమ్యులేటర్ పెడితే ఇక ఫ్యాను పాట వింటూ కూర్చోవడమే. కాబట్టి అతికించినదైతే 16 తప్ప తీసుకోవద్దు. స్లాట్ ఉంటే 8తో మొదలుపెట్టి తర్వాత పెంచుకోవచ్చు. పైగా ఒకే 8 ముక్క కంటే జోడీగా రెండు ముక్కలు ఉన్నప్పుడు, విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని మెషీన్లు చురుగ్గా నడుస్తాయి, ఎందుకంటే వాటి గ్రాఫిక్స్ వాడుకునేది ఈ ర్యామ్‌నే. ఒక్క మాట: 2025 చివర్లో ఏఐ డేటా సెంటర్ల గిరాకీతో మెమరీ ధరలు బాగా పెరిగాయి. తర్వాత వేయించుకుందాంలే అనుకునేముందు ఆ రోజు ముక్క ధర కూడా కనుక్కోండి. కొన్నిసార్లు ముందే 16 ఉన్నది తీసుకోవడమే చవక.

స్లాట్ ఉందో లేదో షాపులోనే చూసే ఉపాయం ఉంది. డెమో మెషీన్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. పెర్ఫార్మెన్స్‌లోకి వెళ్లి మెమరీ మీద నొక్కితే కింద కుడిపక్కన "స్లాట్స్ యూజ్డ్" అని ఉంటుంది. రెండింటిలో ఒకటి అని చూపిస్తే ఇంకోటి ఖాళీగా ఉన్నట్టు. అయితే కొన్ని అతికించిన మెషీన్లు కూడా అక్కడ ఏవో అంకెలు చూపిస్తాయి కాబట్టి, కంపెనీ సైట్లో అదే మోడల్ పేజీతో ఒకసారి సరిచూసుకోండి.

ఎస్ఎస్‌డీ గురించి పెద్దగా బుర్ర పాడుచేసుకోనక్కర్లేదు, ఎక్కువ మెషీన్లలో మార్చుకోవచ్చు. 256 తీసుకోవద్దు, 512 చాలు. ఇంటికి తెచ్చాక 476 అని చూపిస్తే షాపువాడు కోశాడని గొడవకి దిగకండి. కంపెనీ లెక్కలో ఒక జీబీ అంటే వంద కోట్ల బైట్లు, విండోస్ లెక్కలో 2 పవర్ 30. ఈ తేడా వల్లే అది తగ్గినట్టు కనిపిస్తుంది. (మా రూమ్మేట్ వాళ్ల నాన్న నిజంగానే వెనక్కి తీసుకెళ్లాడు.)

ఇప్పుడు ఎవరూ అడగనివి. స్క్రీన్, కీబోర్డు, బరువు, బ్యాటరీ. రోజుకి ఆరు గంటలు చూసేది స్క్రీన్‌నే కదా, దాని గురించి ఒక్కడూ అడగడు. ఫుల్ హెచ్‌డీ అయితే చాలు, కానీ ఐపీఎస్ ప్యానెల్ అయి ఉండాలి. పక్కనుంచి చూస్తే రంగులు వెలిసిపోయే ప్యానెల్ అయితే ప్రాజెక్ట్ రివ్యూలో పక్కన కూర్చున్న టీమ్‌మేట్‌కి ఏమీ కనబడదు. వెలుతురుని నిట్స్‌లో చెప్తారు. 250 నిట్స్ గదిలో సరిపోతుంది, కిటికీ పక్కన సరిపోదు. 300 ఉంటే మేలు. "45 శాతం ఎన్‌టీఎస్‌సీ" అని రాసి ఉంటే రంగులు పాలిపోయి ఉంటాయని అర్థం. కోడ్ రాసుకోవడానికి ఇబ్బంది లేదు గానీ, క్లబ్ పోస్టర్లు డిజైన్ చేసేవాళ్లకి మాత్రం ఎర్రగా చేసినది ప్రింటుకెళ్లాక ఇంకేదో అవుతుంది. ఈ పత్రిక పాత సంచికల కవర్లు చూస్తే మీకే తెలుస్తుంది.

బ్యాటరీని గంటల్లో అడగొద్దు, వాట్ అవర్లలో అడగండి. కంపెనీ చెప్పే "పది గంటలు" మన వాడకంలో రావు. లెక్క మనమే వేసుకోవచ్చు. 42 వాట్ అవర్ల బ్యాటరీ, మెషీన్ మామూలు పనిలో 8 వాట్లు తింటుంది అనుకుంటే ఐదు గంటల పైచిలుకు. అదే గేమింగ్ మెషీన్ ఊరికే ఉన్నా 20 వాట్లు తింటే, దాని బ్యాటరీ 48 అయినా రెండున్నర గంటలు కూడా రాదు. నా రెండు గంటల రహస్యం అదే. ఇంకోటి, టైప్-సీతో చార్జ్ అయ్యేది దొరికితే తీసుకోండి. హాస్టల్లో అడాప్టర్ పాడైన రోజు పక్క రూమ్ నుంచి ఒకటి అరువు తెచ్చుకోవచ్చు.

గ్రాఫిక్స్ కార్డు ఎవరికి కావాలి అనేది బ్రాంచిని బట్టి. మెకానికల్ వాళ్లకి సాలిడ్‌వర్క్స్, క్యాటియా, యాన్సిస్, సివిల్ వాళ్లకి రెవిట్, స్టాడ్ ప్రో, ఈట్యాబ్స్ వస్తాయి. 3డీ మోడల్ తిప్పి చూడాలంటే ఒక మాదిరి కార్డు ఉంటే హాయి. ఆ సాఫ్ట్‌వేర్లు మ్యాక్‌లో నేరుగా పడవు కాబట్టి ఆ రెండు బ్రాంచిల వాళ్లు మ్యాక్‌బుక్ ఊసెత్తొద్దు. ఈసీఈ వాళ్లూ అంతే, వివాడో విండోస్, లినక్స్ తప్ప వేరే చోట పడదు. ఈఈఈ వాళ్లకి మ్యాట్‌ల్యాబ్, సిమ్యులింక్ ప్రధానం, కార్డు కంటే ర్యామ్ ముఖ్యం. సీఎస్ఈ వాళ్లకి నిజానికి అన్నిటికంటే తక్కువ చాలు, కానీ అన్నిటికంటే ఎక్కువ పెట్టి కొనేది వాళ్లే. "ఏఐఎంఎల్ అన్నా, జీపీయూ లేకపోతే ఎలా?" అంటారు. మొదటి రెండేళ్లు మీరు చేసే మోడళ్లకి గూగుల్ కొలాబ్‌లో ఫ్రీగా దొరికే జీపీయూ చాలు. నిజంగా పెద్ద మోడల్ ట్రెయిన్ చేయాల్సిన రోజున 4 జీబీ, 6 జీబీ కార్డు ఎలాగూ చాలదు. సీఎస్ఈలోనే మ్యాక్‌బుక్ ఎయిర్ పనికొస్తుంది, బ్యాటరీ, స్క్రీన్ రెండూ బాగుంటాయి. 2024 చివరి నుంచి ఆపిల్ కూడా 16 జీబీతోనే మొదలుపెట్టింది. కానీ అందులో ఏదీ తర్వాత పెంచుకోలేం, ఆ డబ్బు ఇంట్లో తేలిగ్గా వచ్చేదైతేనే.

కార్డు కొనేవాళ్లకి చిన్న హెచ్చరిక. ఇక్కడా పేరు సగమే చెప్తుంది. ఆర్‌టీఎక్స్ 4050 ల్యాప్‌టాప్ కార్డుని తయారీదారు 35 వాట్ల నుంచి 115 వాట్ల దాకా ఎంతకైనా సెట్ చేసుకోవచ్చు. ఒకే పేరున్న రెండు మెషీన్ల మధ్య వేగంలో బాగా తేడా వస్తుంది. కంపెనీ పేజీలో టీజీపీ ఎన్ని వాట్లో చూడండి.

అసలు ఇప్పుడే కొనాలా? ఇది ముందే చెప్పాల్సింది. ఫస్టియర్ మొదటి సెమ్‌లో సీ ప్రోగ్రామింగ్, ఇంజినీరింగ్ డ్రాయింగ్, మ్యాథ్స్, ఫిజిక్సో కెమిస్ట్రీయో ఉంటాయి. ల్యాబుల్లో కంప్యూటర్లున్నాయి. నెలా రెండు నెలలు ల్యాప్‌టాప్ లేకపోతే మునిగిపోయేదేమీ లేదు. క్లాసులు మొదలయ్యాక మీ డిపార్ట్‌మెంట్ థర్డియర్ సీనియర్‌ని పట్టుకుని ఏ సాఫ్ట్‌వేర్లు వాడుతున్నారో అడగండి. దసరా, దీపావళి సేల్స్ కూడా అప్పటికే వచ్చేస్తాయి. నేను ఈ మాట చెప్తే పిల్లలు ఎందుకు ఒప్పుకోరో నాకు తెలుసు. హాస్టల్లో దిగిన మొదటి రోజు అందరి మంచాల మీదా కొత్త బ్యాగులుంటాయి, మన మంచం మీద ఉండదు. అది చిన్న బాధేం కాదు. కానీ ఆ బాధ రెండు వారాలుంటుంది, ల్యాప్‌టాప్ నాలుగేళ్లుంటుంది.

డబ్బు తక్కువగా ఉంటే పాత మెషీన్ తీసుకోవడంలో నామోషీ ఏం లేదు. మా రూమ్మేట్ సీఎస్ఈ, వాళ్ల నాన్న ఆటో నడుపుతారు. వాడు కంపెనీలు వాడి వదిలేసిన థింక్‌ప్యాడ్ టీ480 ఒకటి 23 వేలకి తీసుకున్నాడు. హైదరాబాద్‌లో ఐటీ కంపెనీలు లీజు అయిపోయిన ల్యాప్‌టాప్‌లని మొత్తంగా వదిలించుకుంటాయి, అవి బాగుచేసి అమ్మే షాపులకి వస్తాయి. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్, అందరూ సీటీసీ అనేది, ఇలాంటి వాటికి పేరు. థింక్‌ప్యాడ్, ల్యాటిట్యూడ్, ఎలైట్‌బుక్ లాంటి ఆఫీసు రకాలు గట్టిగా ఉంటాయి, కీబోర్డులు బాగుంటాయి, విడిభాగాలు దొరుకుతాయి. వాడి మెషీన్‌లో ర్యామ్ స్లాట్లు రెండు, బ్యాటరీలు కూడా రెండు. క్లాసులో నా ఇటుక నేను వెతుక్కుంటుంటే వాడు మూడో గంట కూడా టైప్ చేస్తూ ఉండేవాడు.

కాకపోతే పాతది కొనేముందు మూడు చూడాలి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. విండోస్ 11 అధికారికంగా పడాలంటే ఇంటెల్ అయితే 8వ తరం నుంచి, ఏఎండీ ల్యాప్‌టాప్ అయితే రైజెన్ 3000 సిరీస్ నుంచి ఉండాలి. అంతకంటే పాతది ఎంత చవకగా వచ్చినా వద్దు, లేదంటే ఉబుంటు వేసుకుని బతకడానికి సిద్ధపడాలి. రెండోది బ్యాటరీ. కమాండ్ ప్రాంప్ట్‌లో పవర్‌సీఎఫ్‌జీ అని కొట్టి, ఒక ఖాళీ వదిలి, స్లాష్ బ్యాటరీరిపోర్ట్ అని ఇస్తే ఒక ఫైల్ తయారవుతుంది. అందులో బ్యాటరీ పుట్టినప్పటి కెపాసిటీ, ఇప్పుడున్న కెపాసిటీ పక్కపక్కనే ఉంటాయి. 50లో 25 మిగిలితే, కొత్త బ్యాటరీ ఖర్చు కూడా ధరలో కలిపి బేరమాడాలి. మూడోది, ఆన్ చేయగానే ఏ కంపెనీ లాగిన్ పేజీ అయినా వస్తున్నా, బయోస్‌కి పాస్‌వర్డ్ అడుగుతున్నా అక్కడే వదిలేసి రండి. "తర్వాత తీయించి ఇస్తాం" అనే మాట నమ్మొద్దు.

కొత్తది కొనేటప్పుడు ఈఎంఐ సంగతి. "నో కాస్ట్ ఈఎంఐ" అంటే వడ్డీ లేదని కాదు. 60 వేల మెషీన్ 12 నెలలు, నెలకి 5 వేలు అనుకుందాం. బ్యాంకు వడ్డీ 15 శాతం అయితే, బ్యాంకు లెక్కలో మీ అప్పు దాదాపు 55,400, వడ్డీ 4,600. ఆ వడ్డీకి సరిపడా డిస్కౌంట్ అమ్మేవాళ్లు ఇస్తారు కాబట్టి మనకి వడ్డీ లేనట్టు కనిపిస్తుంది. కానీ ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, ఈ లెక్కలో 830 రూపాయల దాకా, మనమే కట్టాలి. ప్రాసెసింగ్ ఫీజు వేరే. అంతకంటే ముఖ్యం, మొత్తం ఒకేసారి కడితే ఎంత తగ్గిస్తారో అడగండి. ఆ తగ్గింపు ఎక్కువైతే నో కాస్ట్‌లో కాస్ట్ అదే. ఎడ్యుకేషన్ లోన్ తీసుకుంటున్న ఇళ్లలో ఇంకో దారి ఉంది. కోర్సుకి అవసరమైన కంప్యూటర్ ఖర్చుని చాలా బ్యాంకులు లోన్‌లోనే కలుపుతాయి. లోన్ అప్లికేషన్ ఇచ్చేటప్పుడే అడగాలి, తర్వాత గుర్తొస్తే మళ్లీ కాగితాలు.

కౌంటర్ దగ్గర "ఆఫీస్, యాంటీవైరస్, అన్నీ ఫ్రీగా వేసిస్తాం" అంటే వద్దనండి. అలా వేసేవి ఎక్కువగా దొంగ కాపీలు, వాటితో ఏమేం వస్తాయో ఎవరికీ తెలీదు. ఆటోక్యాడ్ విద్యార్థులకి ఆటోడెస్క్ ఉచితంగానే ఇస్తుంది, యాన్సిస్‌కి స్టూడెంట్ వెర్షన్ ఉంది, కాలేజీ మెయిల్ ఐడీ ఉంటే ఇంకా చాలా వస్తాయి. డబ్బా సీలు మన ముందే తీయించాలి. బిల్లు మీద సీరియల్ నంబర్ ఉండాలి, అది డబ్బా మీద ఉన్నదీ మెషీన్ కింద ఉన్నదీ ఒకటే కావాలి. అదే నంబర్ కంపెనీ సైట్లో కొడితే వారంటీ ఎప్పుడు మొదలైందో చూపిస్తుంది. ఆర్నెల్ల కిందట మొదలైనట్టుంటే డిస్‌ప్లేలో పెట్టినదో, ఇంకొకరు వాపసు ఇచ్చినదో. మామూలు వారంటీ ఏడాదే ఉంటుంది, కింద పడి పగిలితే అందులోకి రాదు. హాస్టల్లో పై బెర్త్ మంచం ఎక్కేవాళ్లు యాక్సిడెంటల్ డ్యామేజ్ కవర్ తీసుకోండి. నేను నవ్వుతాలకి అనట్లేదు, మా ఫ్లోర్‌లో రెండు అలాగే పోయాయి.

ఇంట్లో వాళ్ల గురించి ఒక మాట. "ఐ7 లేకపోతే ప్లేస్‌మెంట్ రాదంట" అని ఇంటికి ఫోన్ చేసి ఏడ్చిన జూనియర్ ఒకడున్నాడు. వాళ్లమ్మ చిట్టీ ముందే పాడదామని సిద్ధపడింది, ఎంత నష్టానికో నాకు తెలీదు. మనం అడిగితే కాదనలేని వాళ్లకి, మనం అడిగేది నిజంగా కావాల్సిందో కాదో తెలుసుకునే దారి లేదు. వాళ్లు స్పెసిఫికేషన్లు చదవరు, మన మొహం చూస్తారు. నాన్న ఆ రోజు షాపులో సేల్స్ అతన్ని ఒక్కసారి అడిగాడు, నన్ను మాత్రం రెండుసార్లు చూశాడు. నేను తలూపాను.

మొన్న మా ఊరి పిల్లాడొకడు ఫోటో పంపాడు. సివిల్ సీటు, బడ్జెట్ 60. నేను మామూలుగానే పూర్తి మోడల్ నంబర్ పంపమన్నాను. అరగంట దాకా జవాబు లేదు, కోపమొచ్చిందేమో అనుకున్నాను. తర్వాత వరసగా నాలుగు ఫోటోలు వచ్చాయి. ప్రాసెసర్ పేరు చివర హెచ్ దగ్గర గోరు పెట్టి తీసినది ఒకటి, టాస్క్ మేనేజర్‌లో స్లాట్లు రెండింటిలో ఒకటే వాడుతున్నట్టు చూపించేది ఒకటి, కంపెనీ పేజీలో 300 నిట్స్ అన్నది ఒకటి. నాలుగోది పొరపాటున పడ్డట్టుంది. కౌంటర్ ముందు ప్లాస్టిక్ కుర్చీలో వాళ్ల నాన్న, ఒళ్లో చేతిసంచి, చేతులు దాని మీద.

"అన్నా, 58 చెప్తున్నాడు. ఒకేసారి కడితే 55 అంట. నాన్న అడుగుతున్నాడు, నాలుగేళ్లు వస్తదా అని."

బరువెంతో అడగమన్నాను. ఒకటిన్నర కంటే కొంచెం ఎక్కువంట. బిల్లు మీద సీరియల్ నంబర్ రాయించుకో, డబ్బా నాన్న ముందే తెరిపించు, అని టైప్ చేశాను. తర్వాత, నాన్నకి ఫోనివ్వు, అన్నాను.